సంఘం వెబ్‌సైట్ చేయబోతున్న మా అమ్మాయికి

చిన్నమ్మాయీ, ప్రభువు నామంలో ఆశీస్సులు.

మీ సంఘానికి వెబ్‌సైట్ చేసే బాధ్యత పాస్టర్‌గారు నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. సండే స్కూల్లో కంఠత వాక్యం సగంలో మరిచిపోయి ఏడ్చిన పిల్లవి. ఇవాళ బెంగళూరులో సంఘమంతటికీ వాకిలి కట్టబోతున్నావంటే ఈ పెదనాన్నకు చాలా గర్వంగా ఉంది. భయమూ అంతే ఉంది. క్రిస్మస్‌కల్లా సిద్ధం చేస్తానని మాట కూడా ఇచ్చేశావట. రంగులు, లోగో పక్కన పెట్టి ముందు ఇది చదువు.

కర్నూలు నుంచో గుంటూరు నుంచో ఉద్యోగానికి వచ్చి మారతహళ్ళి పీజీలో దిగిన పిల్లాడు శనివారం రాత్రి ఫోన్‌లో వెతుకుతాడు. తెలుగు ఆరాధన ఎన్నింటికి, ఎక్కడ, ఎలా రావాలి, ఎవరికి ఫోన్ చేయాలి? ఈ నాలుగూ తెర పైభాగంలోనే కనబడాలి. ఒకే మందిరంలో కన్నడ, తమిళ, ఇంగ్లిషు, తెలుగు ఆరాధనలు జరిగే ఊరు మీది. ‘ఆదివారం 9 గంటలకు’ అని ఊరుకుంటే సరిపోదు, ఏ భాషది ఎన్నింటికో, ఏ హాల్లోనో రాయి. మ్యాప్‌లో గుర్తు గేటు దగ్గరే పడిందా, వెనక సందులో పడిందా నువ్వే నడిచి చూసుకో. కమిటీ సభ్యుల ఫొటోలు మొదటి పేజీలోనే కావాలని అడుగుతారు, ఒప్పుకోకు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి డొమైన్, అంటే సైట్‌కు మనం కొనే చిరునామా పేరు. సంఘాల్లో ఒకే పొరపాటు మళ్లీ మళ్లీ జరుగుతోంది. ఉత్సాహమున్న యువకుడొకడు తన సొంత జీమెయిల్‌తో, సొంత కార్డుతో సంఘానికి డొమైన్ కొంటాడు. కొద్ది డబ్బులేగా, కమిటీని అడగడమెందుకని అతని ఉద్దేశం. మంచి మనసుతోనే చేస్తాడు. కొన్నేళ్లకు అమెరికా వెళ్లిపోతాడు, కార్డు గడువు తీరుతుంది, రెన్యువల్ మెయిళ్లు ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లో పడుతుంటాయి. ఒక ఆదివారం సైట్ తెరుచుకోదు. సెక్రటరీ కంపెనీకి ఫోన్ చేస్తే, ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లతోనే మాట్లాడతామంటారు. అది న్యాయమే, కాగితాల ప్రకారం ఆ డొమైన్ సంఘానిది కాదు, ఆ అబ్బాయిది.

డాట్ ఆర్గ్ (.org) అని ముగిసే పేరు గడువు దాటాక ఏమవుతుందో తెలుసుకో. అమ్మిన కంపెనీని బట్టి గరిష్ఠంగా 45 రోజుల వరకు మామూలు ధరకే తిరిగి ఇవ్వవచ్చు, అంతకంటే తక్కువ రోజులే ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత 30 రోజులు విడిపించుకునే గడువు, దానికి రుసుము చాలా ఎక్కువ. మరో 5 రోజులకు పేరు పూర్తిగా రద్దయి ఎవరైనా కొనుక్కోవచ్చు. పాత పేర్లను కాచుకుని కొనేవాళ్లున్నారు. సంఘం క్యాలెండర్ మీద, పెళ్లి పత్రికల మీద, మందిరం బోర్డు మీద అచ్చైన ఆ చిరునామా నొక్కితే జూదం సైట్ తెరుచుకుంటే ఎలా ఉంటుందో ఊహించు. సండే స్కూలు పిల్లలు కూడా నొక్కేది అదే.

అందుకని ఇలా చెయ్యి. కొనే ముందు కమిటీలో తీర్మానం చేయించి మినిట్స్ బుక్‌లో రాయించు. రిజిస్ట్రెంట్, అంటే డొమైన్ యజమాని, అనే చోట సంఘం రిజిస్టరైన పూర్తి పేరే ఉండాలి. ఖాతాకు సంఘం కోసం విడిగా ఒక మెయిల్ తెరువు, కానీ అది ఇదే డొమైన్ మీద నడిచే మెయిల్ కాకూడదు. డొమైన్ ఆగిన రోజున ఆ మెయిలూ ఆగిపోతుంది, తాళంచెవి లోపలుండగా తలుపు పడిపోయినట్టే. ఓటీపీ వచ్చే నంబరు సంఘం ఆఫీసు సిమ్ కావాలి. పాస్‌వర్డ్ సెక్రటరీ దగ్గరా ట్రెజరర్ దగ్గరా ఉండాలి. ఒకేసారి 10 ఏళ్ల వరకు కట్టే వీలుంది, కనీసం ఐదేళ్లకు కట్టించు. ఆటో రెన్యువల్‌ను నమ్మకు. రిజర్వ్ బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు నుంచి గట్టిపడ్డాక, మన కార్డుల మీద విదేశీ కంపెనీల ఆటోమేటిక్ చెల్లింపులు తరచూ ఆగిపోతున్నాయి. సైట్ ఫైళ్లు ఉంచే హోస్టింగ్‌కూ యూట్యూబ్ ఛానల్‌కూ ఇదే పద్ధతి.

నీ మీద నమ్మకం లేక కాదు తల్లీ. రేపు పెళ్లవుతుంది, ఊరు మారతావు, చేతిలో పసిబిడ్డ ఉంటుంది. అప్పుడు అర్ధరాత్రి సైట్ ఆగిందని నీకు ఫోన్లు రాకూడదు.

తెలుగు అక్షరాల సంగతి. మీ బులెటిన్లు అను ఫాంట్లలో టైపు చేసినవైతే యథాతథంగా అతికించకు, పిచ్చి గీతలు కనబడతాయి. అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగల యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, దీర్ఘాలు ఒక్కొక్కటీ సరిచూడు. నోటో సాన్స్ తెలుగు ఫాంటు గానీ మండలి ఫాంటు గానీ వాడు. వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకు 1.6 రెట్లైనా ఉండాలి, లేకపోతే కింది ఒత్తులు తర్వాతి వరుస గుడులకు తగులుతాయి. ఆరాధన వేళలను పోస్టర్ బొమ్మగా పెట్టొద్దు. చూపులేనివాళ్ల ఫోన్ దాన్ని చదవలేదు.

పిల్లల ఫొటోల దగ్గర నా మాట కాదనకు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని ఉంది. చట్టం లేకపోయినా పసివాళ్ల పేరు, తరగతి, ముఖం మూడూ ఒకచోట పెట్టకూడదు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల పేర్లూ, సాక్ష్యాలూ వాళ్లు రాసిచ్చిన అనుమతి లేకుండా వద్దు. ఇంట్లో ఇంకా చెప్పుకోని ఆడపిల్ల ఎవరో ఉంటుంది, ఆమె బతుకు ఆలోచించు. గృహకూడికలకు ప్రాంతం పేరు చాలు, ఇంటి నంబరు ఫోన్ చేసినవాళ్లకే చెప్పండి. ప్రార్థన విన్నపాల ఫారంలో జనం తమ రోగాలు, కాపురంలో కన్నీళ్లు రాస్తారు. అది పాస్టర్‌గారి మెయిల్‌కే వెళ్లాలి, వాట్సాప్ గ్రూపుకు పోకూడదు.

కానుకల పేజీ ట్రెజరర్ పక్కన కూర్చుంటేనే చెయ్యి. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే కావాలి, రూపాయి పంపి పేరు చూసుకో. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం విదేశీయుల నుంచి ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. భారత పాస్‌పోర్టు ఉన్న మనవాడు అక్కడి నుంచి తన సంపాదన పంపితే అది విదేశీ విరాళం కాదు, అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడు పంపితే అవును. కాబట్టి సైట్‌లో డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వేలో అంతర్జాతీయ కార్డులు ఆపించు.

పాటల విషయం సులువే. పురుషోత్తమ చౌదరిగారు 1890లో పోయారు, ఆయన కీర్తనల సాహిత్యం నిశ్చింతగా పెట్టుకోవచ్చు. రచయిత పోయాక 60 ఏళ్లు దాటని పాటలకు అనుమతి అడుగు. ఫొటోలు ఒక్కొక్కటి 200 కేబీ దాటనివ్వకు, ప్రసంగాల వీడియోలు యూట్యూబ్‌లో ఉంచి లింకు ఇవ్వు, బ్యాకప్ నెలకోసారి వేరేచోట దాచు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక సెక్రటరీగారినీ ట్రెజరర్‌గారినీ ఒక అరగంట కూర్చోబెట్టి, వాళ్లెదురుగానే డొమైన్ ఖాతా తెరువు. అది కాగానే ఫోన్ చెయ్యి, డిజైన్ ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న