సన్నాల్లో దిగుబడి రాదంటే ప్లాంట్ బ్రీడింగ్ చదువు దేనికి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ చివరి సంవత్సరం. ఎమ్మెస్సీలో ప్లాంట్ బ్రీడింగ్ (కొత్త పంట రకాలు తయారుచేసే శాస్త్రం) తీసుకుని వరి మీద పని చేస్తానంటోంది. నేను వరి రైతునే. బస్తాలు కావాలంటే దొడ్డు వడ్లు, అన్నం బాగుండాలంటే సన్నాలు, రెండూ ఒక్క రకంలో రావని నా అనుభవం. ఇంక అందులో చేసేదేముంది? ఉద్యోగాలైనా ఉంటాయా?
- ఓ తండ్రి, కరీంనగర్ జిల్లా

జవాబు: మీ అనుభవాన్ని కొట్టిపారేయలేను. సాంబమసూరి వెయ్యి గింజలు తూస్తే సుమారు 14, 15 గ్రాములు. దొడ్డు వడ్ల ఎంటీయూ 1010 అయితే 23, 24 దాకా తూగుతుంది. గింజ సన్నబడితే తూకం పడిపోతుందన్న మీ లెక్క అక్కడిదే. అయితే కంకికి ఎన్ని గట్టి గింజలు, దుబ్బుకు ఎన్ని కంకులు అన్నది కూడా లెక్కలోకి రావాలి. తెలంగాణ సోనా గింజ సాంబమసూరి కంటే తేలిక. అయినా రైతులు వేస్తున్నారంటే కంకి నిండా ఉండే గింజలే కారణం. దాని తల్లిదండ్రుల్లో ఒకటి మీరు దొడ్డు రకమనే ఎంటీయూ 1010, రెండోది మీ పక్క జగిత్యాల రకం, జేజీఎల్ 3855.

అలాగని గింజల సంఖ్య పెంచుకుంటూ పోయినా చిక్కే. కంకి అడుగున ఉన్నవి సరిగా పాలు పోసుకోవు. లోపల సున్నంలాంటి తెల్ల మచ్చ మిగులుతుంది, మర ఆడిస్తే అక్కడే విరుగుతాయి. యాసంగి వడ్లు ఎండ వేడికి ఎంత నూక అవుతాయో మీకు నేను చెప్పాలా!

అన్నం మెత్తన, పలుకు సంగతి వేరు. అది ఎక్కువగా గింజలోని అమైలోజ్ అనే పిండిపదార్థాన్ని బట్టి, అంటే ఆరో క్రోమోజోమ్ మీది వ్యాక్సీ జన్యువు చేతిలో ఉంటుంది, దిగుబడితో దానికి పెద్దగా పేచీ లేదు. 1966లో వచ్చిన ఐఆర్ 8 రకం దిగుబడిలో సంచలనమే గానీ అన్నం ఆరితే గట్టిపడేది. 1985 నాటి ఐఆర్ 64 దిగుబడి వదులుకోకుండానే ఆ లోపం సరిదిద్దింది. గింజ వెడల్పును నడిపే జీడబ్ల్యూ 8 అనే జన్యువు మాత్రం మొండి కేసు. బాస్మతిలో అది తక్కువగా పనిచేస్తుంది కాబట్టి గింజ సన్నం, ఆ కారణంగానే తూకమూ తక్కువ. ఒకే జన్యువు రెండు పనులు చేస్తుంటే విడదీయడం కష్టం. పక్కపక్కన ఉన్న రెండు జన్యువులైతే, వేల మొక్కల్లో వెతికితే విడిపోయినవి దొరుకుతాయి. ఏ లక్షణం ఏ కోవదో తేల్చడమే మీ అమ్మాయి నేర్చుకోబోయే విద్య. 2025 మేలో రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, సాంబమసూరిలో గింజల సంఖ్యను అదుపులో ఉంచే జన్యువును ఎడిట్ చేసి తయారుచేసిన కమల అనే రకాన్ని ప్రకటించారు. రైతు పొలంలో ఎలా నిలుస్తుందో చూడాలి. పని అయిపోలేదని చెప్పడానికి మాత్రం అది చాలు.

ఉద్యోగాల మాట. ఎమ్మెస్సీతో హైదరాబాద్ చుట్టుపక్కల విత్తన కంపెనీల్లో చేరొచ్చు. యూనివర్సిటీ, ఐసీఏఆర్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) పోస్టులకు పోటీ గట్టిది, నోటిఫికేషన్ల కోసం ఏళ్లు ఎదురుచూడాల్సి రావచ్చు. అటు వెళ్లాలంటే పీహెచ్‌డీకి సిద్ధపడాలి. సంకరం చేసిన నాటి నుంచి రకం విడుదలయ్యేదాకా మామూలుగా ఎనిమిది, పదేళ్లు. త్వరగా ఫలితం చూడాలనుకునే మనిషికి ఇది సరిపడదు.

సీటు వచ్చాక గైడ్ విషయంలో జాగ్రత్త. ముప్పై రకాలు నాటి, ఒక్క సీజన్ లెక్కలతో కోరిలేషన్ పట్టిక (ఏ లక్షణం దేనితో కలిసి పెరుగుతుందో, తగ్గుతుందో చూపేది) వేసి థీసిస్ ముగించడం మన దగ్గర మామూలైపోయింది. ఆ పట్టికతో ఇంటర్వ్యూలో నిలబడలేరు. చిన్న మర, అమైలోజ్ కొలిచే ల్యాబ్ ఉన్నచోట, వానాకాలం, యాసంగి రెండూ పండించి చూసే టాపిక్ అడగమనండి. స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్ ఉంటే ఇప్పుడే పోగొట్టుకోవాలి.

ఫారం కట్టేముందు వరి పూత సమయంలో జగిత్యాల పరిశోధన స్థానంలో ఒక వారం ఉండి రమ్మనండి. సంకరం చేయడానికి బురదలో వంగి, ఒక్కో పువ్వు కత్తిరించి కేసరాలు తీసే పని దగ్గరుండి చూస్తుంది. తిరిగొచ్చాక కూడా ఇదే చదువుతానంటే మీరు అడ్డు చెప్పకండి.