వేలిముద్ర పడని చేతులు

ప్రశ్న: అక్కా, నేను ఇంజినీరింగ్ ఫైనలియర్. మా అమ్మ పెళ్లయిన నాటి నుంచి బీడీలు చేస్తోంది. ఆకు కత్తిరించీ, చుట్టీ, మూతి మడిచీ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో ఎంత ఒత్తినా ముద్ర పడదు. అందరి ముందూ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నిలబడుతుంది. కాలేజీలోనేమో టెక్నాలజీతో సమాజాన్ని మార్చే ప్రాజెక్టు చెయ్యమంటున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.
– ఓ విద్యార్థిని, కోరుట్ల

జవాబు: చెల్లీ, ముందు బియ్యం సంగతి చూద్దాం. వేలిముద్ర పడలేదన్న సాకుతో రేషన్ ఆపకూడదని ఆధార్ సంస్థే 2017 అక్టోబరులో రాతపూర్వకంగా చెప్పింది. కాబట్టి బతిమాలాల్సిన పని లేదు, గట్టిగా అడగండి. బొటనవేలే పెట్టాలన్న రూలు కూడా లేదు. బీడీ చుట్టేటప్పుడు బొటనవేలు, చూపుడువేలే ఎక్కువ అరుగుతాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు పెట్టి చూడమను. అవీ పడకపోతే కంటిపాపతో గుర్తించే మిషన్, ఫోనుకు ఓటీపీ ఉన్నాయేమో అడుగు. ఆధార్ సెంటర్‌లో ముద్రలు మళ్లీ ఇవ్వొచ్చు. తునికాకు తడిపిన చేతులతో మాత్రం వెళ్లొద్దు. సందేహాలుంటే 1947కు ఫోన్ చెయ్యి.

ఇక నీ ప్రాజెక్టు. ఖాజీపేటలో రైలెక్కితే జనగామ దాటాక ఆలేరు వస్తుంది. చింతకింది మల్లేశం ఆ ప్రాంతం మనిషే. వాళ్లమ్మ లక్ష్మి ఆసు పోసేది, అంటే చీర నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పేది. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. భుజం పట్టేసి ఇక నావల్ల కాదంది. ఆ కొడుకు ఇంజినీరింగ్ చదవలేదు, బడి కూడా మధ్యలోనే మానేశాడు. కానీ ఆ చెయ్యి ఎటు తిరుగుతుందో, ఎక్కడ నొప్పి పుడుతుందో రోజూ చూసినవాడు. ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు, దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ సంగతి అట్లుంచు, ఎంతమంది ఆడవాళ్ల భుజాలు నిలబడ్డాయో చూడు.

రేషన్ మిషన్ తెచ్చినవాళ్లు బీడీల చాట ముందు ఒక పూట కూర్చుని ఉంటే, వేలితో పాటు ఇంకో దారి మొదటి రోజే పెట్టేవాళ్లు. నాకు కోపం అక్కడే.

అందుకే యాప్ సంగతి తర్వాత. సరుకులిచ్చే రోజుల్లో ఒక నోట్‌బుక్కు పట్టుకుని ఆ షాపు దగ్గర కూర్చో. ఎవరి ముద్ర పడలేదు, వాళ్లేం పని చేస్తారు, ఏ వేలు పెట్టారు, డీలరు ఏమన్నాడు, బియ్యం చేతికొచ్చాయా, ఇవే రాసుకో. పేర్లు, ఆధార్ నంబర్లు మాత్రం రాయకు. బీడీలు చేసేవాళ్లు, తాపీ పనివాళ్లు, ముసలివాళ్లు ఎక్కువగా కనిపిస్తారని నా అనుమానం. ఆ లెక్క ఒక కాపీ తహసీల్దారుకు ఇవ్వు, ఒకటి మీ సారుకు. ఇందులో కోడింగ్ ఏదమ్మా అని సారు అడిగితే, అమ్మను ఒకసారి కాలేజీకి తీసుకెళ్లు.