బత్తాయి మానేసినా తలనొప్పి తగ్గలేదా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర ఊరు. ప్రైవేటు బడిలో టీచర్‌ని. నెలకు నాలుగైదుసార్లు తలలో ఒకవైపు పోట్లు పొడుస్తాయి. వాంతి వచ్చినట్లు ఉంటుంది, వెలుతురు చూడలేను. శని, ఆదివారాల్లోనే ఎక్కువ. మైగ్రేన్ అన్నారు. తిండి వల్లేనని ఎవరో చెబితే బత్తాయి, పల్లీలు, పెరుగు, చాక్లెట్ మానేశాను. శనివారం ఒక్కపొద్దు ఉంటాను. ఇంకా ఏవి మానేయాలి?

డాక్టర్ సలహా: ఇంకేమీ మానేయకండి. మానేసినవి కూడా ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టండి. నల్గొండ జిల్లాలో ఉంటూ బత్తాయికి దూరం కావడం ఏం న్యాయం? పుల్లటి పండ్లు కొందరికి పడని మాట నిజమే కానీ అందరికీ కాదు. మీ విషయంలో నాకు అనుమానం ఒక్కపొద్దు మీదే. మైగ్రేన్ ఉన్నవారికి ఖాళీ కడుపు పెద్ద శత్రువు. మొక్కు వదలలేకపోతే మూడు నాలుగు గంటలకోసారి పాలో, పండో, మజ్జిగో తీసుకోండి. ఇక ఆదివారం. సెలవు కదా అని ఆలస్యంగా లేస్తే టీ కూడా ఆలస్యమవుతుంది. రోజూ పొద్దున్నే టీ తాగేవారికి ఆ వేళ తప్పినా తలనొప్పి రావచ్చు. టీ రోజుకు రెండు కప్పులు చాలు, అవి కూడా ఒకే వేళకు. మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని బడిలో నీళ్లు తాగని టీచర్లను చాలామందిని చూశాను. మీరూ ఆ కోవలో లేరు కదా?

నిల్వ ఉంచిన చీజ్, ఎండుచేపలు, సాసేజ్‌ల వంటి నిల్వ మాంసం, రెడ్ వైన్ కొందరిలో నొప్పిని రేపుతాయి. బండి మీద నూడుల్స్‌లో వేసే అజినోమోటో మీద అనుమానం ఉంది కానీ రుజువు బలంగా లేదు. చాక్లెట్ సంగతి వేరు. నొప్పి మొదలయ్యే ముందు రోజే కొందరికి ఆవలింతలు వస్తాయి, మెడ పట్టేస్తుంది, తీపి తినాలనిపిస్తుంది. అప్పుడు చాక్లెట్ తింటారు, మర్నాడు నిందంతా దాని మీద వేస్తారు. నిజానికి అప్పటికే మైగ్రేన్ మొదలై ఉంటుంది.

రెండు నెలలు ఒక నోటుబుక్కు పెట్టండి. నొప్పి వచ్చిన వేళ, అంతకుముందు ఎప్పుడు ఏం తిన్నారు, ఎంత నిద్రపోయారు, నెలసరి తేదీ రాయండి. ఒకే పదార్థం పదేపదే కనిపిస్తే దాన్ని మాత్రమే నాలుగు వారాలు ఆపి, మళ్లీ తిని చూడండి.

మందుల షాపులో కొని వేసుకునే నొప్పి మాత్రలు నెలకు పది రోజులు దాటితే వాటివల్లే తలనొప్పి ముదిరే ప్రమాదం ఉంది. హఠాత్తుగా ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, మాట తడబడినా, కాలో చెయ్యో చచ్చుబడినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నెలకు నాలుగైదుసార్లు అంటే నొప్పి రాకుండా రోజూ వాడే మందుల గురించి ఆలోచించాల్సిందే. నల్గొండలో న్యూరాలజిస్టునో, ఫిజీషియన్‌నో కలవండి. గర్భం కోసం ప్రయత్నిస్తుంటే ముందే చెప్పండి, ఆ మందుల్లో కొన్ని గర్భిణులు వాడకూడదు.