ఏసీబీ ట్రాప్ న్యాయమేనా? మధ్యవర్తిగా వెళ్లొచ్చినవాడిగా నా జవాబు

"లంచం కేసుల్లో ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) పోలీసులే నోట్లకు పొడి పూసి పంపించి, తీసుకోగానే పట్టుకోవడం మోసం కాదా? చట్టం ఒప్పుకుంటుందా?" అని అడిగారు. ఒప్పుకుంటుంది, కొన్ని హద్దుల్లో. మోసమా కాదా అన్నది మాత్రం డబ్బు మాట మొదట ఎవరి నోట వచ్చిందన్న దాని మీద ఉంటుంది. ఇది నాకు పుస్తకాల్లో చదివితే తెలియలేదు.

అప్పట్లో నేనొక ప్రభుత్వ శాఖలో జూనియర్ అసిస్టెంట్‌ని. ఒకరోజు మా ఆఫీసర్ పిలిచి, ఎందుకో చెప్పకుండా ఫలానా చోటికి వెళ్లమన్నారు. వెళ్లాక చూస్తే ఏసీబీ ఆఫీసు. నేనేం తప్పు చేశానా అని అరగంట టెన్షన్! ట్రాప్‌కి సాక్షులుగా, కేసుతో సంబంధం లేని ఇద్దరు ఉద్యోగులను మధ్యవర్తులుగా పిలుస్తారని తర్వాత చెప్పారు.

ఫిర్యాదు కాగితం మాకిచ్చి చదవమన్నారు. అందులో ఉన్నది నిజమేనా అని ఫిర్యాదుదారుని మా చేతే అడిగించారు. అతను తెచ్చిన నోట్ల నంబర్లు ఒక్కొక్కటే రాసుకున్నాం. వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూశారు. పూసిన కానిస్టేబుల్ సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో వేళ్లు ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. ఆ కానిస్టేబుల్‌ని మాతో రానివ్వలేదు, చేతికున్న పొడి ఇంకెక్కడైనా అంటుతుందని. డీఎస్పీ గారు ఫిర్యాదుదారుతో ఒకే మాట మూడుసార్లు అన్నారు: "ఆయన అడిగితేనే ఇవ్వు. అడక్కపోతే తిరిగొచ్చెయ్." అదేదో లాంఛనం అనుకున్నాను.

రెండో మధ్యవర్తి ఫిర్యాదుదారుతో పాటు లోపలికి వెళ్లి మాటలు వినాలి. కానీ లంచం అడిగాడని ఫిర్యాదు వచ్చిన అధికారి "ఈయనెవరు? బయట కూర్చోమను" అన్నారట. దాంతో లోపల ఇద్దరే మిగిలారు. కాసేపటికి సైగ వచ్చింది, అందరం వెళ్లాం. కుడి చెయ్యి కడిగిస్తే గులాబీ రంగు, సొరుగులో నోట్లు. "టేబుల్ మీద పడేసి వెళ్లిపోతుంటే తిరిగిచ్చేద్దామని తీశాను" అన్నారాయన. ఆ మాట కూడా నివేదికలో రాశాం.

కొన్నేళ్లకు కోర్టులో ఫిర్యాదుదారు మాట మార్చాడు, ఆయన నన్ను అడగలేదన్నాడు. డిఫెన్స్ లాయరు నన్ను అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: "డబ్బు అడగడం మీరు విన్నారా?" లేదన్నాను. కేసు కొట్టేశారు. ఇంటికొచ్చేదాకా నాకు ఒళ్లు మండిపోయింది. రంగు మారడం కళ్లారా చూశాను కదా!

ఇప్పుడైతే ఆ తీర్పు తప్పనిపించదు. చెయ్యి ఆ నోట్లను తాకిందనే రంగు చెబుతుంది, ఎందుకు తాకిందో చెప్పదు. 2014లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే, బి.జయరాజ్ తీర్పులో, డబ్బు దొరికినంత మాత్రాన సరిపోదు, అడిగినట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఫిర్యాదుదారు చనిపోయినా, మాట మార్చినా, పరిస్థితులను బట్టి కూడా ఆ విషయం రుజువు చేయొచ్చని 2022 డిసెంబర్‌లో నీరజ్ దత్తా కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. మా కేసు ఆ తర్వాత నడిచుంటే ఏమయ్యేదో!

నైతికత సంగతికొస్తే, 1956లోనే రామ్‌జనమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. తప్పు చేయడానికి సిద్ధపడ్డవాణ్ణి పట్టుకోవడం వేరు. చేయకూడదని ఆగినవాణ్ణి ఎగదోయడం వేరు, అదీ చట్టాన్ని కాపాడాల్సినవాళ్లే ఆ పని చేయడం. ఎంత మంచివాడికైనా బలహీన క్షణాలుంటాయని కూడా అన్నారు. అమెరికాలో జేకబ్‌సన్ అనే మనిషికి ప్రభుత్వ ఏజెంట్లు 26 నెలల పాటు ఉత్తరాలు రాసి రాసి, చివరికి నిషేధించిన పత్రిక ఆర్డర్ చేయించారు. 1992లో అక్కడి సుప్రీంకోర్టు అతని శిక్షను రద్దు చేసింది. మన శిక్షాస్మృతిలో మాత్రం "పోలీసులే నన్ను ఉసిగొల్పారు" అనే ప్రత్యేక మినహాయింపు లేదు. అందుకే డబ్బు అడిగినట్టు రుజువు కావాలని కోర్టులకు అంత పట్టుదల అని నా అభిప్రాయం.

సొంతంగా కెమెరా పెట్టి స్టింగ్ చేద్దామనుకునేవాళ్లూ ఉంటారు, జాగ్రత్త. 2003లో ఒక కేంద్రమంత్రి డబ్బు తీసుకోవడాన్ని రహస్యంగా చిత్రీకరించిన వ్యవహారంలో ఆ స్టింగ్ చేయించినవాళ్ల మీద కూడా కేసు నడిచింది. అవినీతిని బయటపెట్టడానికే చేశామన్నా, 2014లో రజత్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు వాళ్ల మీది కేసును కొట్టేయడానికి ఒప్పుకోలేదు.

మిమ్మల్నే ఎవరైనా లంచం అడుగుతుంటే, ముందు ఏసీబీకి చెప్పి, తర్వాతే వాళ్లతో కలిసి డబ్బు ఇవ్వండి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చినవాడిదీ నేరమే, కానీ ముందుగా తెలియజేసి వాళ్లకు సాయంగా ఇస్తే ఆ నేరం వర్తించదు. బలవంతం మీద ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, ఇచ్చిన 7 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. తెలంగాణలో అయితే 1064కి ఫోన్ చేయొచ్చు.