సూపర్ అంటే తల్లి క్లాస్ కాదు

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి లాట్ల లెక్క కోసం పైథాన్‌లో ప్రాజెక్టు చేస్తున్నా. లాట్ అని ఒక క్లాస్, దాన్నుంచి కాంటా, తేమ అని రెండు, ఆ రెండింటి నుంచి మిర్చిలాట్. ఒక్క లాట్ నమోదు చేస్తే లాట్ నంబర్ ఒకటికి బదులు రెండు పెరుగుతోంది. వచ్చే వారమే వైవా, టెన్షన్‌గా ఉంది. జావాకి మారిపోనా?

జవాబు: మారకు తమ్ముడూ. ఇనిట్ అంటే క్లాస్ నుంచి కొత్త ఆబ్జెక్ట్ తయారవగానే దానంతటదే నడిచే మెథడ్ కదా. కాంటా ఇనిట్‌లోనూ తేమ ఇనిట్‌లోనూ లాట్ ఇనిట్‌ని పేరుపెట్టి పిలిచి ఉంటావు, మిర్చిలాట్ ఆ రెండింటినీ పిలిచింది, దాంతో లాట్ రెండుసార్లు నడిచింది. నాలుగు క్లాసులనూ కాగితం మీద గీసి చూడు, పతంగి ఆకారం వస్తుంది. డైమండ్ ప్రాబ్లం అనేది దీన్నే.

ఆ పేర్లు తీసేసి నాలుగు క్లాసుల్లోనూ సూపర్ పెట్టు. సూపర్ అంటే తల్లి క్లాస్, అంటే ఈ క్లాస్ దేన్నుంచి వచ్చిందో అది, అని చాలామంది బట్టీపట్టి వైవాలో అదే చెబుతారు, అది తప్పు. సూపర్ అంటే మెథడ్ కోసం పైథాన్ క్లాసులను వెతికే వరుసలో తర్వాతి క్లాస్. మిర్చిలాట్‌కు పైథాన్ కట్టే వరుస మిర్చిలాట్, కాంటా, తేమ, లాట్. అందుకే కాంటాలోని సూపర్ నేరుగా లాట్ దగ్గరికి పోదు, తనకు తల్లి కాని తేమ దగ్గరికి పోతుంది, లాట్ చివర్లో ఒక్కసారే నడుస్తుంది. తల్లి కంటే పిల్ల ముందు, తల్లుల్లో నువ్వు బ్రాకెట్లో ముందు రాసింది ముందు. దీన్ని సీ3 పద్ధతి అంటారు, 2003లో పైథాన్ 2.3తో వచ్చింది. మిర్చిలాట్ మీద ఎంఆర్ఓ (మెథడ్ రిజల్యూషన్ ఆర్డర్, అంటే ఈ వరుసే) మెథడ్ పిలిచి ప్రింట్ చేస్తే ఆ వరుస నీకే కనిపిస్తుంది.

ఇంకోటి, తేమ శాతంతో కాంటాకు పనిలేదు కదా, కాబట్టి ప్రతి ఇనిట్ తనకు కావాల్సింది ఉంచుకుని మిగతావి కీవర్డ్ ఆర్గ్యుమెంట్లుగా, అంటే పేరుతో సహా ఇచ్చే విలువలుగా, ముందుకు పంపాలి. మధ్యలో ఒక్క క్లాస్ సూపర్ పిలవడం మర్చిపోయినా వరుస అక్కడే తెగుతుంది, లాట్‌కు నంబరే రాదు.

జావాలో ఒక క్లాస్ రెండు క్లాసుల్ని ఎక్స్‌టెండ్ చేయలేదు, అంటే దానికి ఇద్దరు తల్లులుండరు, నిజమే. ఇంటర్‌ఫేస్‌లు (క్లాస్‌కు ఏ మెథడ్లు ఉండాలో చెప్పేవి) మాత్రం ఎన్నైనా పెట్టుకోవచ్చు. కానీ 2014లో జావా 8తో డిఫాల్ట్ మెథడ్లు, అంటే ఇంటర్‌ఫేస్‌లోనే కోడ్ రాసి ఉంచే మెథడ్లు, వచ్చాక, రెండు ఇంటర్‌ఫేస్‌లలో ఒకే డిఫాల్ట్ మెథడ్ ఉంటే ఏది కావాలో నువ్వే రాయాలి, లేకపోతే కంపైల్ కాదు.

అసలు మాట ఒకటుంది. లాట్ అనేది కాంటానా? లాట్‌కు కాంటా పెడతారు, తేమ చూస్తారు. రైతుకు అనుమానం వచ్చి మళ్లీ కాంటా పెట్టమంటే ఒకే లాట్‌కు రెండు తూకాలు, వాటిని నీ మిర్చిలాట్ ఎక్కడ దాచుకుంటుంది? వైవాకు సూపర్‌తో సరిచేసిన కోడ్ తీసుకుపో, అది అయ్యాక లాట్ లోపల కాంటాల లిస్ట్ ఒకటి పెట్టి మళ్లీ రాయి.