ఆఫ్రికా వేటకు మూడు కొత్త రైఫిళ్లు కావాలా? నా లెక్కలో ఒక్కటి చాలు

మిగతావాళ్లకూ అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు టెక్సాస్‌లో ఉంటున్నారు, అక్కడ జింకల వేట అలవాటుంది, చేతిలో .308 విన్‌చెస్టర్ రైఫిల్ ఒకటి ఉంది (ఈ అంకెలు క్యాలిబర్, అంటే అంగుళాల్లో బుల్లెట్ లావును సుమారుగా చెబుతాయి). వచ్చే ఏడాది నమీబియాలో కుడూ, జెమ్స్‌బాక్ అనే పెద్ద జింకలు, జీబ్రా వేటకు వెళ్లాలని, ఆ తర్వాత వీలు చూసుకుని జింబాబ్వేలో ఈలాండ్ అనే ఇంకా పెద్ద జింక, కేప్ బఫెలో అనే అడవి దున్న వేటకు వెళ్లాలని అనుకుంటున్నారు. ఇందుకోసం .270, .338 విన్‌చెస్టర్ మాగ్నమ్, .416 రిగ్బీ మూడూ కొనాలా అని అడిగారు.

వద్దండీ. ఒక్కటే కొనండి, .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్. దానికి తోడు మీ .308 ఎలాగూ ఉంది. మిగిలిన డబ్బు మంచి బుల్లెట్లకూ ప్రాక్టీసుకూ ఖర్చుపెట్టండి.

నేను ఉద్యోగరీత్యా జొహన్నెస్‌బర్గ్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది కాబట్టి నేను నేర్చుకున్నదంతా ఇక్కడి తోటి ఉద్యోగుల దగ్గరే. లైసెన్సు తీసుకుని, చలికాలంలో లింపోపో పొదల అడవికీ, అప్పుడప్పుడూ కరూ మైదానాలకూ మాంసం కోసం వెళుతుంటాను. నా దగ్గర ఉన్నవి .30-06, .375, ఈ రెండే. మూడోది కావాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ట్రిగ్గర్ నొక్కాక ఆ జంతువు ఎక్కువసేపు బాధపడకుండా పోవాలి. తుపాకీ ఎంపికలో నేను మొదట చూసేది ఇదే.

ముందు చట్టం సంగతి చూద్దాం, సగం ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి. నమీబియాలో రైఫిల్ మూతి దగ్గర బుల్లెట్‌కు ఉండాల్సిన కనీస శక్తిని జంతువును బట్టి నిర్ణయించారు. స్ప్రింగ్‌బాక్ లాంటి చిన్న జింకలకు 1,350 జౌళ్లు, కుడూ, జెమ్స్‌బాక్, వైల్డ్‌బీస్ట్, ఈలాండ్‌లకు 2,700, బఫెలో, ఏనుగులకు 5,400. మీ .308లో 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సుమారు 3,700 జౌళ్లు ఇస్తుంది కాబట్టి మీ నమీబియా జాబితాకు సరిపోతుంది. .243తో వెళ్లేవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి. 100 గ్రెయిన్ల మామూలు ఫ్యాక్టరీ తూటా 2,700కు కాస్త కిందే ఆగిపోతుంది.

జింబాబ్వే లెక్క వేరు. అక్కడ బఫెలో, ఏనుగు, హిప్పోలకు కనీసం 9.2 మి.మీ. వ్యాసం, 5,300 జౌళ్లు ఉండాలి. సింహం, జిరాఫీ, ఈలాండ్‌లకు 7 మి.మీ., 4,300 జౌళ్లు. అంటే నమీబియాలో ఈలాండ్‌ను కొట్టగలిగే మీ .308కి, జింబాబ్వేలో అదే ఈలాండ్ మీద పనిచేసే అనుమతి లేదు. .30-06 కూడా 180 గ్రెయిన్లతో 4,000 దగ్గరే ఆగుతుంది. .375లో 300 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 2,530 అడుగుల వేగంతో వెళ్తుంది, దాదాపు 5,800 జౌళ్ల శక్తి. రెండు దేశాల్లోనూ ఈలాండ్‌కూ బఫెలోకూ ఇది సరిపోతుంది. నేను ఒక్కటే కొనమనడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం దాని బుల్లెట్ గాల్లో పోయే దారి. .375ని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 1912లో తెచ్చింది. పెద్ద బోరు కదా, దూరం పోదేమో అనుకుంటారు. 300 గ్రెయిన్ల .375, 180 గ్రెయిన్ల .30-06 రెండింటినీ 200 మీటర్లకు జీరో చేసి (ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేసి) చూడండి, 250 మీటర్ల దాకా రెండు బుల్లెట్లూ ఇంచుమించు ఒకే దారిలో పోతాయి. నేను పొద్దున బఫెలో జాడ మీద తిరిగి, మధ్యాహ్నం అదే రైఫిల్‌తో ఇంపాలాను కొట్టిన సందర్భాలున్నాయి. మంచి బుల్లెట్ వాడితే మాంసం పాడవుతుందన్న భయం కూడా అక్కర్లేదు. వేగం తక్కువ కాబట్టి, దగ్గర్లో వేగంగా తగిలే .300 మాగ్నమ్‌ల కంటే ఇదే తక్కువ పాడుచేస్తుంది.

ఇక మీరు అడిగిన మూడింటి గురించి. .270 మంచి క్యాలిబరే, కానీ మీ .308 చేసే పనే చేస్తుంది. .338 కూడా శక్తిమంతమైనదే, ఈలాండ్‌కు భేషుగ్గా ఉంటుంది. కానీ దాని వ్యాసం 8.6 మి.మీ. మాత్రమే, జింబాబ్వేలో బఫెలోకు పనికిరాదు. .375 కొన్నాక దానికి పనేమీ మిగలదు. .416 రిగ్బీ 1911 నుంచి బఫెలో వేటగాళ్లు నమ్ముకున్న తూటా, దాని మీద నాకు ఎంతో గౌరవం. 400 గ్రెయిన్ల బుల్లెట్ తగిలితే దెబ్బలో తేడా కళ్లకు కనిపిస్తుంది. కానీ కిక్, అంటే కాల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి తన్నే దెబ్బ, .375 కంటే దాదాపు సగం ఎక్కువ, .375 కిక్కేమో .30-06కు రెట్టింపు. ఏడాదికోసారి వేటకు వచ్చే మనిషి అంత కిక్‌కు అలవాటుపడటం కష్టం. రెండు మూడేళ్లకోసారి బఫెలో కోసం వస్తానని గట్టిగా అనుకుంటే అప్పుడు .416 గురించి ఆలోచించవచ్చు. .458 లాట్, .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ లాంటివి ఏనుగు వేటలో క్లయింట్ పక్కన నిలబడే ప్రొఫెషనల్ హంటర్ల ఆయుధాలు. ఆ పని మనది కాదు.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు వెనకటి ఏనుగుల వేటగాడు డబ్ల్యూ.డి.ఎం. బెల్ పేరు ఎత్తుతారు. 7×57 మౌజర్ లాంటి చిన్న క్యాలిబర్లతో ఆయన వందలకొద్దీ ఏనుగుల్ని చంపాడు, మరి ఇంత పెద్ద తుపాకులెందుకు అని. బెల్ మెదడుకే గురిపెట్టేవాడు, తగిలాక విచ్చుకోని గట్టి బుల్లెట్లు వాడేవాడు, ఏనుగు కపాలం లోపల ఏది ఎక్కడుందో కోసి చూసి తెలుసుకున్నాడు. జీవితమే దానికి ధారపోసిన మనిషి. ఆయన్ని చూసి చిన్న క్యాలిబర్ చాలనుకుంటే బాధపడేది జంతువు.

ఇప్పుడు బుల్లెట్. ఇక్కడ దయచేసి డబ్బు మిగుల్చుకోకండి. టెక్సాస్ తెల్లతోక జింక మీద బాగా పనిచేసే, త్వరగా విచ్చుకునే మెత్తటి బుల్లెట్ 250 కిలోల వైల్డ్‌బీస్ట్ భుజం మీద ముక్కలైపోతుంది. వైల్డ్‌బీస్ట్‌ను ఇక్కడివాళ్లు పేదవాడి బఫెలో అంటారు, సరిగ్గా తగలకపోతే అది కిలోమీటర్ల కొద్దీ నడుస్తుంది. విచ్చుకున్నాక కూడా బరువు కోల్పోకుండా లోపలికి దూసుకెళ్లే బుల్లెట్ కావాలి. నోస్లర్ పార్టిషన్ 1948 నుంచీ ఉంది, మధ్యలో అడ్డుగోడ ఉండటం వల్ల ముందు సగం విచ్చుకున్నా వెనక సగం అలాగే ఉంటుంది. స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ అదే పద్ధతిలో ఇంకా గట్టిగా చేసింది. బార్న్స్ టీఎస్ఎక్స్ పూర్తిగా రాగి, సీసమే ఉండదు. మాంసం ఇంటికి తెచ్చుకుని పిల్లలకు పెట్టేవాణ్ణి కాబట్టి నేను .30-06లో రాగి బుల్లెట్లే వాడతాను. .375లో బఫెలోకు 300 గ్రెయిన్ల ఎ-ఫ్రేమ్. మీ .308కు 165 లేదా 180 గ్రెయిన్లలో దేనితో మీ రైఫిల్ తూటాలన్నీ దగ్గర దగ్గరగా ఒకే చోట పడితే అది తీసుకోండి.

విచ్చుకోని బుల్లెట్లు, ఇక్కడి భాషలో సాలిడ్స్, బఫెలోకు మొదటి దెబ్బగా వాడకండి. మంద మధ్యలో ఉన్న జంతువును దాటి వెనకున్న ఇంకోదాన్ని గాయపరుస్తాయి. మొదట ఎ-ఫ్రేమ్ లాంటిది, తర్వాతివి పారిపోతున్న జంతువు వెనక నుంచి కొట్టాల్సి రావచ్చు కాబట్టి సాలిడ్స్, ఈ వరస ఇక్కడ చాలామంది పాటిస్తారు. బఫెలో మొదటి దెబ్బకు పడిపోయినా, నిలబడి ఉన్నా, కనిపిస్తున్నంతసేపూ కొడుతూనే ఉండండి. తూటాలు దాచుకోవడం అక్కడ పనికిరాదు.

అమెరికా నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది క్యాలిబర్‌లో కాదు, గురిలో. జింక వేటలో భుజం వెనకాల, పక్కటెముకల మధ్య కొట్టడం మీకు అలవాటై ఉంటుంది. ఆఫ్రికా జంతువుల గుండె ఇంకా ముందుకు, ఇంకా కిందికి, ముందుకాళ్ల మధ్యలో ఉంటుంది. మీ పాత గురితో కొడితే ఊపిరితిత్తుల వెనక అంచో, పొట్టో తగులుతుంది. పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెంట చూపు పైకి తీసుకెళ్లి, శరీరం ఎత్తులో కింది మూడో వంతు దగ్గర ఆపండి. జీబ్రాకైతే భుజం మీద చారలు కలిసి త్రికోణంలా కనిపించే చోట. కుడూకు వీపు మీద మూపు ఉంటుంది, దాన్ని కలుపుకుని ఎత్తు లెక్కేస్తే గురి పైకి పోతుంది, మూపును వదిలేసి చూడండి. ఈ ఒక్క విషయం ఒంటబట్టడానికి జంతువుల బొమ్మలు పెట్టుకుని ఇంట్లో కూర్చుని చూసినా ఉపయోగమే.

ప్రాక్టీసు. ఇక్కడ బల్ల మీద ఇసుక సంచి పెట్టుకుని కాల్చే అవకాశం రాదు. ట్రాకర్ మూడు కాళ్ల కర్రలు నాటుతాడు, మీరు నిలబడి దాని మీద రైఫిల్ ఆనించి నాలుగైదు సెకన్లలో కాల్చాలి. ఆ కర్రలు ఇప్పుడే కొనండి. 100 మీటర్ల దగ్గర పళ్లెం అంత గుండ్రంలో ప్రతి తూటా పడేదాకా .308తో, తర్వాత .375తో చేయండి. .375ని ఒక్క రోజులో ఎక్కువ కాల్చకండి. ఐదారు తూటాలు చాలు, మిగతాది .308తో గానీ ఖాళీ రైఫిల్‌తో గానీ. కిక్‌కు భయపడి కళ్లు మూసుకోవడం ఒకసారి అలవాటైతే పోవడానికి నెలలు పడుతుంది. .416తో వచ్చిన ఒక అతిథిని నేను క్యాంపులో చూశాను. రేంజ్‌లో ఆయనకు తెలియకుండా రైఫిల్‌లో ఖాళీ గుల్ల పెట్టి ఇస్తే, ట్రిగ్గర్ నొక్కగానే కిక్ వస్తుందన్న భయంతో గొట్టం కిందికి ఊగిపోయింది. ఆయన మంచి షూటరే. ఆ రోజు ఆయన వెంట ఉన్న ప్రొఫెషనల్ హంటర్ తన .375 ఆయన చేతికిచ్చాడు, రెండు రోజుల్లో ఆయన చెయ్యి కుదురుకుంది, బఫెలో ఒకే చోట పడింది. ఆ మనిషి ముఖంలో తేలిక చూశాక .375 మీద నా నమ్మకం ఇంకా గట్టిపడింది.

రైఫిల్ రకానికి వస్తే, ప్రమాదకర జంతువు కోసం మౌజర్ 98 పద్ధతి బోల్ట్ (తూటాను గొట్టంలోకి నెట్టి, గుల్లను బయటికి లాగే భాగం) ఉన్నది తీసుకోండి. తూటా మ్యాగజైన్ నుంచి లేవగానే పెద్ద గోరు లాంటి పట్టీ దాన్ని పట్టుకుంటుంది, తొందరలో సగం బోల్ట్ వెనక్కి లాగినా ఇరుక్కోదు. విన్‌చెస్టర్ మోడల్ 70లో, సీజెడ్ 550లో ఇది ఉంది. పాత సీజెడ్‌లు సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే వదలకండి. స్కోప్ తక్కువ పవర్‌ది పెట్టండి, 1 నుంచి 6 చాలు. పొదల్లో బఫెలో ముప్పై నలభై అడుగుల దూరంలో ఉండొచ్చు, ఎక్కువ పవర్ పెడితే నల్లటి చర్మం తప్ప ఏమీ కనిపించదు.

ప్రయాణం సంగతి చిన్నగా. మీరు ఇల్లు కదలకముందే అమెరికా కస్టమ్స్ ఫారం 4457 మీద రెండు రైఫిళ్ల సీరియల్ నంబర్లూ రాయించుకోండి. జొహన్నెస్‌బర్గ్ మీదుగా వచ్చి దక్షిణాఫ్రికాలో కూడా వేటాడాలనుకుంటే అక్కడి పోలీసుల ఎస్ఏపీఎస్ 520 ఫారం కావాలి, దాన్ని నల్ల సిరాతో నింపాలి, సంతకం మాత్రం ఇక్కడి పోలీసుల ఎదుటే పెట్టాలి. ఒకే క్యాలిబర్‌లో రెండు రైఫిళ్లు అనుమతించరు, రైఫిల్‌కు 200 తూటాలు మించకూడదు, సెమీ ఆటోమేటిక్ తేవద్దు. విమానంలో తూటాల బరువు 5 కిలోలు దాటకూడదు. .375వి 60, .308వి 40 పెట్టుకున్నా ఆ పరిమితిలోనే ఉంటారు. సామాను దారిలో తప్పిపోయినా టెన్షన్ అక్కర్లేదు. దక్షిణాఫ్రికా, నమీబియా పట్టణాల్లో .308, .375 తూటాలు దొరుకుతాయి, క్యాంపుల్లో అరువుకు రైఫిళ్లు కూడా ఉంటాయి. కొత్తగా వచ్చిన అరుదైన క్యాలిబర్లు తెచ్చుకునేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు.

నమీబియా ప్రయాణానికి .375 కూడా వెంట తెచ్చుకోండి, బఫెలో లేకపోయినా సరే. జీబ్రానూ జెమ్స్‌బాక్‌నూ దానితోనే కొట్టండి, .308ని స్ప్రింగ్‌బాక్‌కూ దూరపు దెబ్బలకూ ఉంచండి. జింబాబ్వేలో బఫెలో ముందు నిలబడేసరికి ఆ రైఫిల్ బరువు, బోల్ట్ కదలిక, సేఫ్టీ ఉన్న చోటు మీ చేతికి అలవాటై ఉండాలి. నమీబియా ట్రిప్‌కు ముందు కనీసం ఆరు నెలలు చేతిలో ఉండేలా .375ని ఇప్పుడే కొనండి. జింబాబ్వే బుకింగ్ చేసేటప్పుడు ఏ జంతువుకు ఎంత కనీస శక్తి కావాలో ఔట్‌ఫిట్టర్ (వేట ఏర్పాట్లు చేసే సంస్థ) చేత మెయిల్‌లో రాయించుకోండి. మీ .308 మోడల్, దాని గొట్టం పొడవు ఇక్కడ రాస్తే ఏ బుల్లెట్ బాగుంటుందో ఇంకాస్త వివరంగా చెప్పగలను.