బొమ్మల ముచ్చట: ఈ బొమ్మ గిర్వి దుకాణంలో పెట్టొచ్చా?

ప్రశ్న: మా మేనమామకు వరంగల్ చౌరస్తా దగ్గర గిర్వి దుకాణం ఉంది. ఫోన్‌లో ఒక పాత యూరప్ బొమ్మ చూశాను. భర్త నాణేలు తూస్తున్నాడు, పక్కనే భార్య పుస్తకం పట్టుకొని ఉంది. పెద్ద ప్రింట్ తీయించి దుకాణంలో పెడదామనుకున్నా. ‘అది మిత్తి వ్యాపారులను తిట్టే బొమ్మ, మామకు కోపమొస్తది’ అంటోంది మా అక్క. నిజమేనా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు ఆ పుస్తకం చూడండి. అందులో మేరీమాత, బాల ఏసు బొమ్మ ఉంటే అది క్వెంటిన్ మాట్సిస్ 1514లో వేసింది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అదే అయితే మీ అక్క మాట సగమే నిజం.

బొమ్మలోని భర్త త్రాసు పట్టుకున్నాడు కాబట్టి ఆశపోతు అనుకుంటాం. కానీ మాట్సిస్ ఉన్న ఆంట్‌వెర్ప్ (ఇప్పటి బెల్జియంలో ఉంది) రేవు పట్టణం, రకరకాల దేశాల నాణేలు వచ్చి పడేవి. కొందరు అంచులు గీకి బంగారం తీసుకొని మిగిలింది చలామణీ చేసేవారు. తూయకుండా తీసుకుంటే మునిగినట్టే. మీ మామ గొలుసు తూయకుండా అప్పిస్తాడా? బొమ్మలోని భర్త ముఖంలో నాకైతే పనిమీది శ్రద్ధే కనిపిస్తుంది.

చిత్రకారుడి చురక భార్య మీద. చెయ్యి ప్రార్థన పుస్తకం పేజీ తిప్పుతోంది, చూపేమో నాణేల మీద. ముందు బల్ల మీద ముత్యాలు, ఉంగరాలు ఉన్నాయి. చిన్న గుండ్రటి అద్దం కూడా ఉంది, దాన్ని వదలకండి. అందులో కిటికీ పక్కన కూర్చొని చదువుకుంటున్న మనిషి కనిపిస్తాడు. అతనెవరని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, మనకు ఆ టెన్షన్ అక్కర్లేదు.

పుస్తకంలో లెక్కలుంటే మాత్రం అది వేరే బొమ్మ. మారినస్ వాన్ రేమర్స్‌వాలే ఇదే జంటను చాలాసార్లు వేశాడు. 1539 నాటిది మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. ప్రార్థన పుస్తకం పోయి ఖాతా పుస్తకం వచ్చింది, వేళ్లు సన్నగా, పొడుగ్గా గోళ్లలా సాగాయి. మీ అక్క భయం ఈ బొమ్మకు సరిపోతుంది.

అసలు తిట్టు చూడాలంటే ఇటలీలోని పాదువా వెళ్లాలి. 1305 ప్రాంతంలో జొట్టో అక్కడి ప్రార్థనా మందిరంలో నరకం వేశాడు. వడ్డీ వ్యాపారులు తమ డబ్బు సంచుల తాళ్లకే వేలాడుతుంటారు. ఆ మందిరం కట్టించిన ఎన్రికో స్క్రోవెన్యీ తండ్రి పేరుమోసిన వడ్డీ వ్యాపారి! ఆ బొమ్మలకు పైసలు ఎక్కణ్నుంచి వచ్చాయో మీరే ఊహించుకోండి.

చర్చి దృష్టిలో అప్పటికి వడ్డీ అంటేనే పాపం, ఎంత అన్నది తర్వాతి మాట. వ్యాపారం పెరిగేకొద్దీ ఆ పట్టు సడలింది. 1540లో ఐదో చార్లెస్ చక్రవర్తి ఆంట్‌వెర్ప్ ఉన్న ప్రాంతంలో వ్యాపారులకు ఏడాదికి 12 శాతం దాకా అనుమతించాడు. మన లెక్కలో నూటికి రూపాయి మిత్తి. మన దగ్గర రెండు రూపాయలు, మూడు రూపాయలు అడిగేవాళ్లకు ఆ రాజ్యంలో ఇబ్బందయ్యేది (మీ మామ ఎంత తీసుకుంటాడో నేను అడగను).

మాట్సిస్ బొమ్మ అయితే నిశ్చింతగా పెట్టండి. అసలు బొమ్మ 70.5 సెంటీమీటర్ల ఎత్తు, 67 వెడల్పు, అదే సైజులో ప్రింట్ తీయించండి, అద్దంలోని మనిషి కూడా స్పష్టంగా కనిపిస్తాడు. సేటు వెనక గోడకు కాకుండా ఎదురుగోడకు పెట్టండి. కుదువ పెట్టడానికి వచ్చినవాళ్లకు అప్పటికే బోలెడు దిగులుంటుంది, ఆ త్రాసు వాళ్లకు ఎదురుగా ఎందుకు?